మొండికేసిన టిల్లరు

ట్రాక్టరు అనగానే మన కళ్ళ ముందు మెదిలేది పెద్ద వెనుక చక్రాలు, ఎత్తయిన సీటు, దాని మీద తలపాగా చుట్టుకున్న డ్రైవరు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గర నాలుగు నెలలు ఉండి వచ్చిన వాళ్ళకు ఇంకో రకం కూడా తెలిసే ఉంటుంది. ఇంటి వెనుక గడ్డి కోయడానికి, పెరడు దున్నడానికి వాడే చిన్న బండి. దాన్ని వాళ్ళు గార్డెన్ ట్రాక్టరు అంటారు. ఇండియానా రాష్ట్రంలో 1946లో మొదలైన వీల్ హార్స్, 1961లో వచ్చిన కబ్ క్యాడెట్, 1963లో వచ్చిన జాన్ డీర్ 110 – ఇలాంటి పాత బళ్ళను వెతికి కొని, బాగుచేసి, రంగు వేసి మురిసిపోయే వాళ్ళు అక్కడ ఎందరో ఉన్నారు.

మన వైపు ఆ పీట మీద కూర్చున్నది పవర్ టిల్లరు. రెండు చక్రాలు, రెండు పొడవాటి పిడులు, ముందు ఒక డీజిలు ఇంజను, వెనుక గిరగిర తిరిగే కత్తులు. మనిషి దాని వెంట నడవాలి. అది అక్కడ సరదా వస్తువైతే ఇక్కడ బతుకుతెరువు. అలాంటి ఒక పాత టిల్లరును కొని, మళ్ళీ పలికించిన వైనం ఈ వ్యాసం. బి.కాం. చదివి ముప్పై ఏళ్ళుగా బ్యాంకిలో లెక్కలు చూసుకునే నాకు ఇంజను సంగతులు ఎలా తెలుసని అడగకండి. తెలిసిన మేస్త్రి పక్కన కూర్చుని అడిగి తెలుసుకున్నవే అన్నీ.

ఎందుకు కొనవలసి వచ్చింది?

ధర్మపురి నుంచి కారిమంగలం వైపు వెళ్ళే దారిలో పెరియంపట్టి ఉంది. మా మేనమామకు ఆ ఊళ్ళో రెండున్నర ఎకరాల మామిడితోట ఉంది. ధర్మపురి, కృష్ణగిరి 2004 ఫిబ్రవరి 9న రెండు జిల్లాలుగా విడిపోయాయి గానీ మామిడికి ఆ సరిహద్దు తెలియదు. రెండు వైపులా అవే చెట్లు, అదే ఎర్రమట్టి. ఏడాదికి సుమారు 850 మిల్లీమీటర్ల వాన. అది కూడా ఒక్క పెట్టున రాదు. పడినప్పుడు నేల గుల్లగా ఉంటే నీరు లోపలికి ఇంకుతుంది, గట్టిపడి ఉంటే జారి వాగులో పడుతుంది. అందుకే కాయ కోత అయిపోయాక చెట్ల మధ్య ఒకసారి దున్ని, ఉలవలు చల్లడం మా వైపు అలవాటు. ఉలవలు ఇంటికి, పశువులకు. దుక్కి చెట్టుకు.

మామ దగ్గర ఒకప్పుడు రెండు జతల ఎద్దులు ఉండేవి. ఆఖరి జతను అమ్మి ఎనిమిదేళ్ళు దాటింది. అద్దె ట్రాక్టరు పిలిస్తే కొమ్మలు కిందికి ఉన్నాయని లోపలికి రాదు, వస్తే కొమ్మలు విరుస్తుంది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక అద్దె టిల్లరు వాన పడిన మర్నాడు టమాటా తోటల వాళ్ళకే చాలదు. మన వంతు వచ్చేసరికి పదును పోతుంది. అలా రెండేళ్ళు తోట బీడుగానే ఉండిపోయింది.

ఈలోగా ఇటుకబట్టీ వాళ్ళు రెండుసార్లు వచ్చి వెళ్ళారు. చెట్లు కొట్టేసి మూడడుగుల లోతు మట్టి తీసుకుంటామనీ, అడ్వాన్సు అప్పటికప్పుడే ఇస్తామనీ అన్నారు. మామ కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి తోట మీద కోపం లేదు, తీరిక లేదు, అంతే. 2023 మే నెలలో నేను వెళ్ళినప్పుడు మామ తేల్చి చెప్పేశాడు.

“అల్లుడా, ఈ ఏడు కూడా మడక పడకపోతే నేను బట్టీ వాళ్ళకు సరేననేస్తా. డెబ్భై నాలుగేళ్ళు వచ్చినాయి. ఇంక ఎవరెవరి కాళ్ళు పట్టుకునేది?”

మా వైపు నాగలిని మడక అంటాము. అత్తయ్య ఏమీ మాట్లాడలేదు. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తోటలో సగం చెట్లకు కడవతో నీళ్ళు మోసింది ఆవిడే.

కొత్త టిల్లరు రెండు లక్షల పైమాటే. వ్యవసాయ యంత్రాలకు 2014–15లో మొదలైన కేంద్ర పథకం కింద సబ్సిడీ ఉంది. కానీ దరఖాస్తు పెట్టి, వరుస వచ్చి, బండి చేతికి అందేసరికి వానలు ఆగవు కదా. పైగా రెండున్నర ఎకరాలకు అంత పెట్టుబడి గిట్టుబాటు కాదని నా లెక్కల బుర్ర చెప్పింది. పాతది చూద్దామన్నాను.

ఈ యంత్రం మన దాకా ఎలా వచ్చింది?

దున్నడమంటే నాగలితో నేలను చీల్చి పెళ్ళలు తిరగవేయడమనే మనిషి కొన్ని వేల ఏళ్ళుగా అనుకున్నాడు. తిరిగే కత్తులతో మట్టిని కోయవచ్చుననే ఆలోచన ఇరవయ్యో శతాబ్దిలోనే బలపడింది. ఆస్ట్రేలియాలో క్లిఫ్ హోవర్డ్ అనే యువకుడు 1912లో తన తండ్రి పొలంలో ఇలాంటి ప్రయత్నాలు మొదలుపెట్టి, 1922లో కంపెనీ పెట్టాడు. ఈనాడు మన ట్రాక్టర్ల వెనుక కట్టే రోటవేటరుకు ఆయనే ఆద్యుడు.

చిన్న కమతాల దేశమైన జపాను ఈ యంత్రాన్ని తనకు తగినట్టు మలుచుకుంది. రెండో ప్రపంచయుద్ధం తరువాత అక్కడ భూసంస్కరణలు వచ్చి కౌలుదార్లు సొంతదారులయ్యారు. అందరివీ చిన్న చిన్న మడులే. కుబోటా కంపెనీ 1947లో తన మొదటి టిల్లరు తెచ్చింది. 1950–65 మధ్య అక్కడ వీటి తయారీ విపరీతంగా పెరిగింది.

మన దేశంలోకి 1960ల మొదట్లో వచ్చాయి. మన హైదరాబాదులో కృషి ఇంజన్స్ వారు టిల్లర్లు తయారు చేశారు. 1967లో బెంగళూరులో వి.ఎస్.టి. సంస్థ మిత్సుబిషి సహకారంతో మొదలైంది. 1973లో కేరళ ప్రభుత్వం కామ్కోను స్థాపించింది. 1969 జూలై 19న 14 బ్యాంకులు జాతీయమయ్యాక, 1982 జూలైలో నాబార్డు ఏర్పడ్డాక సన్నకారు రైతుకు కూడా యంత్రం మీద అప్పు దొరికే రోజులు వచ్చాయి. మా బ్యాంకుల పాత లెడ్జర్లలో టిల్లరు లోన్లు బోలెడు. ఆ లోన్లు ఏనాడో తీరిపోయాయి. ఆ బళ్ళలో చాలా ఇంకా కొట్టాల్లో ఉన్నాయి.

ఎంత నడిపిస్తుందో చూడండి. కత్తుల వెడల్పు రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్లు అనుకుంటే ఎకరా ఒకసారి దున్నడానికి వెనుక నడిచే మనిషి సుమారు 7 కిలోమీటర్లు నడవాలి. అదే ఎద్దుల మడకతో, చాలుకు 15 సెంటీమీటర్ల చొప్పున, 27 కిలోమీటర్లు. ఈ తేడాయే టిల్లరును నిలబెట్టింది.

సులువుగా తిరిగే ఇంజను మంచిదేనా?

పాలక్కోడు దగ్గర ఒక పల్లెలో టిల్లరు ఉందని తెలిసింది. యజమాని పోయి ఆరేళ్ళయింది. ఆయన కొడుకు అమ్మజూపాడు. పెరియంపట్టి దగ్గర పంపుసెట్లు బాగుచేసే ఒక ముసలి మేస్త్రిని వెంట తీసుకుని వెళ్ళాను. ఆయన తమిళం, నేను సగం తమిళం సగం తెలుగు. మా జిల్లాల్లో ఇది మామూలే.

బండి రేకుల కొట్టంలో ఉంది. పైన ఒక రేకు ఎగిరిపోయి ఉంది. టైర్లు పగుళ్ళిచ్చాయి. యజమాని కొడుకు హ్యాండిలు తగిలించి గిర్రున తిప్పి చూపించాడు.

“చూడండి సార్, వెన్నలా తిరుగుతోంది. ఇంజను బ్రహ్మాండం” అన్నాడు.

మేస్త్రి నన్ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పాడు. “సార్, డీజిలు ఇంజను వెన్నలా తిరిగిందంటే లోపల ప్రాణం లేదని అర్థం. మొండిగా తిరగాలి. మన చేతిని వెనక్కి తన్నాలి. అదీ ఆరోగ్యం.”

ఆ మాటలో డీజిలు ఇంజను మొత్తం ఉంది. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. డీజిలులో ప్లగ్గు లేదు. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపించిన సూత్రం ఒక్కటే: గాలిని బాగా అదిమితే అదే వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు గొట్టం అడుగు వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. ఇంజనులో గాలిని పదిహేడు, ఇరవై రెట్లు కుదిస్తే వేడి 500 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా ఆ క్షణాన డీజిలును మంచులా చిమ్మితే దానంతట అదే మండుతుంది. కాబట్టి ఇంజను పలకాలంటే మూడు కావాలి – గాలి అదుము, డీజిలు తుంపర, సరైన సమయం. ఏ డీజిలు బండి మొండికేసినా ఈ మూడింట్లో ఒకటి లోపించినట్టే.

గేర్లు మార్చి చూశాడు, చక్రాల ఇరుసు ఊపి చూశాడు, గేరుపెట్టె అడుగున నూనె రంగు చూశాడు. “ఇంజనుకు వైద్యం ఉంది. గేరుపెట్టె బాగుంది. కొనవచ్చు” అన్నాడు. ముప్పై అయిదు వేలు చెప్పిన బండి ఇరవై రెండు వేలకు తెగింది.

వైద్యం మొదలు

అందరూ మొదట చేసే పని హ్యాండిలు పట్టి తిప్పడం. మేస్త్రి దాని జోలికే పోలేదు. ముందు ట్యాంకులో డీజిలు వదిలించాడు. ఆరేళ్ళ డీజిలు, అడుగున నీళ్ళు, బురదలాంటి మడ్డి. ఇంజను నూనె తీసి చూశాడు. పాలలా తెల్లబడితే లోపలికి నీళ్ళు చేరినట్టు. ఇది నల్లగానే ఉంది. గాలి ఫిల్టరు విప్పితే ఎలుక కాపురం ఉన్న ఆనవాళ్ళు – గడ్డి, గుడ్డ పీలికలు, నాలుగు వేరుసెనగ తొక్కలు.

తరువాత ఇంజను తల విప్పాడు. అసలు జబ్బు అక్కడ ఉంది. పొగ బయటికి పోయే వాల్వు తుప్పు పట్టి సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. కొట్టం రేకు ఎగిరిపోయిన చోటుకు సరిగ్గా కింద సైలెన్సరు గొట్టం నోరు తెరుచుకుని నిలబడి ఉంది. ఆరు వానాకాలాల నీళ్ళు బొట్టు బొట్టుగా ఆ వాల్వు మీదకు దిగాయి. మా వైపు రైతులు పని అయిపోగానే సైలెన్సరు మీద కొబ్బరిచిప్ప బోర్లిస్తారు. పైసా ఖర్చు లేని ఆ చిప్ప ఉండి ఉంటే ఈ వాల్వు బతికేది.

ధర్మపురిలో లేతు షాపులో కొత్త వాల్వులు వేసి, గ్రైండింగు పేస్టుతో సీట్లకు అతికేలా అరగదీయించాము. కొత్త ప్యాకింగు వేసి తల బిగించాక మేస్త్రి హ్యాండిలు నా చేతికి ఇచ్చాడు. ఒక చోట ఆగింది, గట్టిగా నెడితే వెనక్కి తన్నింది. మొదటిది వచ్చేసింది.

రెండోది డీజిలు. నాజిలు పరీక్షిస్తే చిమ్మడానికి బదులు కారుతోంది. కొత్తది వేశాము. గొట్టాల్లో గాలి చేరితే డీజిలు నడవదు కాబట్టి ఫిల్టరు దగ్గర స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా డీజిలు కారనిచ్చాడు. తరువాత హ్యాండిలు తిప్పుతుంటే నాజిలు దగ్గర ‘కిర్రు, కిర్రు’మని చప్పుడు. మేస్త్రులు ఆ చప్పుడు కోసమే చెవి ఒగ్గుతారు.

ఇక పలుకుతుందనుకున్నాము. మామ కర్పూరం కూడా తెచ్చాడు. అదుము తగ్గించే లివరు ఎత్తి పట్టుకుని, వేగంగా తిప్పి, లివరు వదిలితే ‘బుస్సు’మని తెల్లపొగ వచ్చింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ తెల్లపొగ. రెండు రోజులు నలుగురు మనుషులు మార్చి మార్చి తిప్పారు. పొగే తప్ప పలుకు లేదు. మూడోనాడు ఇటుకబట్టీ మనిషి మోటారుసైకిలు మీద వచ్చి చూసి, నవ్వుకుంటూ పోయాడు. మామ ముఖం చిన్నబోయింది.

తెల్లపొగ చెప్పిన మాట

ఆ రాత్రి మేస్త్రి ఇంటికి పోలేదు. అరుగు మీద కూర్చుని బీడీ మీద బీడీ కాల్చి, చివరికి ఇలా అన్నాడు: “నల్లపొగ వస్తే గాలి చాలలేదని, నీలిపొగ వస్తే నూనె మండుతోందని అర్థం. తెల్లపొగ వస్తోందంటే డీజిలు లోపలికి వెళ్తోంది, మండటం లేదు. అదుము ఉంది, తుంపర ఉంది. ఇంక మిగిలింది సమయం ఒక్కటే.”

తెల్లారాక డీజిలు పంపు విప్పాడు. దాని కింద పలుచని రేకు షిమ్ములు ఉండాలి. ఇంతకు ముందు ఎవరో రిపేరు చేసినప్పుడు వాటి స్థానంలో దళసరి కాగితపు ప్యాకింగు పెట్టారు. మందం పెరిగి పంపు కాస్త పైకి లేచింది. లోపలి కామ్ దాన్ని ఆలస్యంగా తాకుతోంది. తుంపర ఆలస్యంగా పడుతోంది. అప్పటికి పిస్టను వెనక్కి మళ్ళి వేడి తగ్గిపోతోంది. వెంట్రుక మందం తేడా. ప్యాకింగు తీసేసి సరైన షిమ్ములు వేసి, ఫ్లైవీలు మీద గుర్తుతో సరిచూశాడు.

ఈసారి హ్యాండిలు మేస్త్రే పట్టాడు. నాలుగు చుట్లు తిప్పి లివరు వదిలాడు. ‘టక్’ అంది. ఒక్క క్షణం ఏమీ లేదు. తరువాత టక్... టక్... టక్ టక్ టక్! కొట్టంలోని కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ బయటికి పరుగెత్తాయి. మామ ఏమీ అనకుండా కర్పూరం వెలిగించాడు.

పది నిమిషాలకు ఆగిపోయింది! అందరి గుండెలూ జారాయి. మేస్త్రి మాత్రం ట్యాంకు మూత తీశాడు, ‘ఫుస్సు’మని గాలి లోపలికి పీల్చుకుంది. మూతలో గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది. కుమ్మరి పురుగు అందులో మట్టితో గూడు కట్టేసింది. గాలి దూరక డీజిలు దిగడం మానేసింది. ఒక చీపురుపుల్లతో ఆ జబ్బు నయమయింది.

జమా ఖర్చులు

బ్యాంకి మనిషిని కాబట్టి లెక్క చెప్పకుండా ఉండలేను. బండి 22,000. తెచ్చిన వ్యాను 1,500. వాల్వులు, ప్యాకింగులు, నాజిలు, లేతు పని 7,800. రెండు టైర్లు, ట్యూబులు 6,400. బెల్టులు 1,200. కత్తులు 2,600. నూనెలు, ఫిల్టర్లు, బోల్టులు 1,900. మేస్త్రి కూలి 4,600. మొత్తం 48,000 రూపాయలు. కొత్తదానిలో నాలుగో వంతుకూ తక్కువ. తరుగుదల లెక్కల ప్రకారం ఈ బండి విలువ ఎప్పుడో సున్నా అయి ఉండాలి. పుస్తకంలో సున్నా అయినది పొలంలో సున్నా కానక్కరలేదని ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఇంత స్పష్టంగా ఎన్నడూ కనిపించలేదు.

ఆగస్టు చివరిలో ఒక రాత్రి మంచి వాన పడింది. రెండో రోజు పదును కుదిరింది. ఊళ్ళో ఒక కుర్రవాడు నడిపాడు, మామ వెనుకే నడిచాడు. రెండు రోజుల్లో తోట మొత్తం అయింది. మూడో రోజు పక్కింటి అక్క టమాటాకు నేల దున్నమని అడిగింది. ఆవిడ దగ్గర డీజిలు ఖర్చు, కుర్రవాడి కూలి మాత్రమే తీసుకున్నారు. ఆ వారంలో మరి ముగ్గురు వచ్చారు. సెప్టెంబరులో ఉలవలు చల్లారు. బట్టీ వాళ్ళకు మామ ఏం చెప్పాడో నేను అడగలేదు, వాళ్ళు మళ్ళీ రాలేదు.

కొన్ని జాగ్రత్తలు

మీలో చాలామందికి సొంత ఊళ్ళో ఇలాంటి యంత్రం ఏదో ఒకటి పట్టా కింద ఉండే ఉంటుంది. దానిని లేపాలనుకునే వాళ్ళకు మేస్త్రి చెప్పిన నాలుగు మాటలు:

హ్యాండిలు పట్టుకున్నప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచాలి, చుట్టి పట్టుకోకూడదు. ఇంజను వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది. నాజిలు చిమ్మే చోట చెయ్యి పెట్టకూడదు, ఆ తుంపర చర్మంలోకి దూసుకుపోతుంది. బెల్టుల దగ్గర పంచె, తువ్వాలు, పైట వేలాడకూడదు. మూసిన గదిలో ఇంజను నడపకూడదు. అన్నిటికంటే ముఖ్యం, బండి వెనక్కి నడిపేటప్పుడు కత్తులు తిరగకూడదు. వెనుక ఉన్నది మన కాళ్ళే.

పని లేని కాలంలో నెలకొకసారి కాసేపు ఇంజను నడపండి. ఎక్కువ కాలం నిలిపేటట్టయితే డీజిలు ఖాళీ చేయండి. పాత విడిభాగాలను తూకానికి అమ్మకండి. వాటిలో ఏదో ఒకటి ఇంకొకరి బండికి ప్రాణం పోయవచ్చు. మీ ఊరి మేస్త్రికి వయసు మీరుతుంటే, ఆయన పక్కన ఒక కుర్రవాడిని కూర్చోబెట్టండి. యంత్రాలు ఇంకా దొరుకుతున్నాయి. తెల్లపొగ చూసి జబ్బు చెప్పగల మనుషులే తగ్గిపోతున్నారు.

ఈసారి పండక్కి ఊరికి వెళ్ళినప్పుడు కొట్టంలోకి ఒకసారి తొంగిచూడండి. హ్యాండిలు కోసం వెతకకండి. ముందు సైలెన్సరు మీద కొబ్బరిచిప్ప ఉందో లేదో చూడండి.